సొరబుర్ర మీది సింహం

కిటికీలోంచి భార్య వస్తూ కనబడేసరికి లెక్కల మాస్టారి గుండెల్లో రాయి పడింది. చేతిలో కుంచె, ఒంటిమీద రంగులంటిన ఏప్రన్, ఎదురుగా బల్ల మీద ఎండిన సొరబుర్ర, దాని మీద తోక ఒక్కటే గీయాల్సి ఉన్న సింహం. ఇన్ని పెట్టుకుని వాకింగ్‌కి వచ్చానంటే నమ్మడానికి ఆవిడేం చంటిపిల్ల కాదు.

అబద్ధం బయటపడుతుందని కాదు ఆయన భయం. ఆవిడ కుట్లూ అల్లికలూ ముందేసుకున్నప్పుడల్లా పనీపాటా లేనివాళ్ళ పనులని వెక్కిరించిన నోరు ఆయనది. ఉద్యోగంలో ఉన్నంతకాలం స్టాఫ్‌రూములో సొరకాయలు కోసిన మనిషి, ఇప్పుడు రోజూ పార్కుకని బయల్దేరి, ఈ చేతిపనుల క్లాసులో ఆడవాళ్ళ మధ్య కూర్చుని నిజం సొరకాయలకు రంగులు వేస్తున్నారని తెలిస్తే ఇంకేమైనా ఉందా? బతికినన్నాళ్ళూ ఇంట్లో తల వంచుకుని తిరగాలి.

"అమ్మాయ్, మా ఆవిడ వస్తోంది. నన్నెక్కడైనా దాచు" అన్నారు టీచరుతో.

టీచరు వయసులో చిన్నదే గానీ చురుకైన పిల్ల. దీపానికి తొడుగు చేద్దామని అడుగు కోసి, చుట్టూ చిల్లులు పెట్టిన పెద్ద సొరబుర్ర ఒకటి అక్కడుంటే, తీసి ఆయన నెత్తిన బోర్లించింది. అది భుజాల దాకా దిగిపోయింది. క్లాసులో ఉన్నవాళ్ళంతా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తమ తమ బుర్రల మీదికి వంగారు.

ఆవిడ లోపలికొచ్చి క్లాసులో చేరదామనుకుంటున్నానంది. బుర్ర బోర్లించుకున్న పెద్దమనిషి సంగతేమిటని అడిగింది. కొలత సరిపోయిందో లేదో చూస్తున్నామని చెప్పింది టీచరు. దీపం తొడుగుకి మనిషి తల కొలతెందుకని ఆవిడ అడగలేదు. బతికించింది తల్లి, అనుకున్నారు మాస్టారు.

తీరా చూస్తే ఆవిడ ఎదురు కుర్చీలోనే చతికిలపడింది. పడి, ఎవరూ అడక్కుండానే మొగుడి పురాణం విప్పింది. రోజూ నడకకు వెళ్తారట, పొట్ట మాత్రం అంగుళం తగ్గలేదట. రాత్రి ఆయన గురకకు పక్కింటి పసివాడు లేచి ఏడుస్తాడట. ఇంట్లో బల్బు మార్చాలన్నా ఎలక్ట్రీషియన్‌ని పిలవాల్సిందేనట. ఆయన చేతికి చాక్‌పీసు తప్ప ఇంకేం పట్టుకోవడం రాదట.

మాస్టారు కుక్కిన పేనులా కూర్చున్నారు. బుర్ర లోపలి దుమ్ముకి తుమ్ము వస్తుంటే ముక్కు నలుపుకుందామన్నా వీల్లేదు. అయినా ఓర్చుకున్నారు. పొట్టేగా, గురకేగా, అన్నీ ఉన్న మాటలేగా అని తనకు తనే సర్దిచెప్పుకున్నారు.

అప్పుడు పడింది ఆవిడ కన్ను సింహం మీద.

"ఈ పిల్లినెవరు గీశారమ్మా?"

"పిల్లి కాదండీ, సింహం."

"సింహమా? పాపం, ఎన్నాళ్ళయిందో తిండి తిని."

మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ జూలులో ఒక్కో వెంట్రుకా ఊపిరి బిగబట్టి గీశారాయన. రంగు ఆరేదాకా కాపలా కాశారు. నలుగురూ చూసి, గర్జిస్తున్నట్టే ఉందన్నారు కూడా. పళ్ళు నూరుకుని, చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని అదిమారు.

ఆవిడ అంతటితో ఊరుకుంటేగా. సింహాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మీసాలు మరీ పైకి లేచాయి, కాస్త కిందికి దించితే సాధువుగా ఉంటుందంది. కుంచె తీసి నల్లరంగులో ముంచింది. టీచరు వద్దని ఒక్క మాటైనా అనలేదు. కుంచె మెల్లిగా మీసం దగ్గరికి వచ్చింది.

"చెయ్యి తియ్ దాని మీంచి!" అంటూ బుర్ర లేచి నిలబడింది. "ఎంత కష్టపడి గీశాననుకున్నావ్ ఆ మీసం? చేతిపనంటే అంత తేలిగ్గా ఉందా నీకు?"

తన నోట ఏ మాట వచ్చిందో మాస్టారికి అప్పుడు తెలిసింది. ఇక దాచడానికేం మిగల్లేదు. బుర్రని రెండు చేతులతో పైకి లాగారు. కనుబొమల నిండా దుమ్ము. ఇప్పుడు మొదలవుతుంది నా పెళ్ళి, అనుకుని తల వంచుకుని నిలబడ్డారు.

ఆవిడ ఆయన వంక చూడను కూడా లేదు. కుంచె కడిగి పక్కన పెట్టి, టీచరు వైపు తిరిగింది.

"నిన్న నేను చెప్పలేదూ, ఈయన్ని ఎంత తిట్టినా కదలరు, సింహం జోలికెళ్తే మాత్రం ఆగలేరని? పందెం నేను గెలిచాను, రేపట్నుంచి ఆయన పక్క కుర్చీ నాది."