నత్తల గదిలో లైటు

పగలు పొడవుగా ఉంటేనే పెంకు లేని నత్తల మెదడులో హార్మోను ఊరి, అవి గుడ్లు పెట్టే ఈడుకొస్తాయి. అందుకే ల్యాబులో వాటికి పొద్దున ఆరింటికి లైటు వేసి, రాత్రి పదింటికి ఆర్పడం నా పని. పాపకు జ్వరమొచ్చి పది రోజులు ఆసుపత్రిలోనే ఉండిపోయాను. ఉన్న ఒక్క తాళంచెవీ నా సంచిలోనే ఉంది.

ఈ రాత్రి గుండె చిక్కబట్టుకుని తలుపు తీశాను. లైటు వెలుగుతోంది. డబ్బాల్లో మట్టి మీద పూసల్లా గుడ్లున్నాయి. చార్టులో పది రోజులకూ ఎర్ర పెన్సిల్ టిక్కులున్నాయి, నాకు పని నేర్పి పోయినేడు చనిపోయిన పెద్దాయన పెట్టినట్టే.

"నా ఉద్యోగం నిలబెట్టావు బాబాయ్," అన్నాను చేతులు జోడించి.

గడియారం పది కొట్టింది. నా వెనక స్విచ్చు టక్కుమంది. లైటు ఆరిపోయింది.

"పాపకు జ్వరం తగ్గిందా తల్లీ?"