తెల్లపడవ వాళ్ళు

"తెలుపు వద్దు."

వెనకనుంచి మాట వినపడగానే ఆమె చేతిలో రోలరు ఆగింది.

పడవ పక్కన ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. ఆ రేవులో ఎన్నడూ చూసిన మొహం కాదు.

"ఏం, తెలుపుకేమొచ్చింది?"

"కనపడదు."

"నీకు కనపడకపోతే కళ్ళజోడు పెట్టించుకో తాతా. పడవ నాది."

ముసలాయన కదల్లేదు. కొంగలా అలాగే నిలబడ్డాడు. ఆమె కూడా ఇంక అటు చూడలేదు.

పడవ పాతది. దీవులకు సరుకు మోసే తెరచాప పడవ. నాలుగేళ్ళ కిందట గాలివానలో తెరచాప కర్ర విరిగి కొట్టుకుపోయింది. మునగలేదు. కానీ దొరికేసరికి అందులో ఉన్న ఆమె భర్తకు ప్రాణం లేదు.

అప్పటినుంచీ ఒడ్డున దిమ్మల మీద ఎండుతూ ఉంది. ఇప్పుడు కొడుకు చేతికి అందివచ్చాడు. కొత్త కర్ర నిలబెట్టారు. పాత రంగు గీకి, బీటల్లో లప్పం పెట్టి, గరుకు కాగితంతో రుద్దేసరికి తల్లీకొడుకుల వేళ్ళు అరిగిపోయాయి. నీళ్ళలో మునిగే భాగానికి గుల్ల పట్టకుండా ఎర్రరంగు వేశారు. పైనంతా తెలుపు.

మామగారి నాటినుంచీ అదే రంగు. వాళ్ళని ఇంటిపేరుతో పిలిచేవాళ్ళు రేవులో లేరు. తెల్లపడవ వాళ్ళంటారు.

రంగు మారిస్తే మొగుణ్ణి రెండోసారి పోగొట్టుకున్నట్టే ఆమెకు.

మర్నాడు ముసలాయన మళ్ళీ దిగాడు. చేతిలో ఒక డబ్బా.

"నారింజ రంగు. ఊరికే ఇస్తున్నా. ఇది వెయ్యి."

"నిన్ను ఎవరు పిలిచారిక్కడికి?"

"ఎవరూ పిలవలేదు."

"ఎద్దు పుండు కాకికి ముద్దని ఊరికే అన్నారా! పొడవడానికి పొద్దున్నే తయారు."

ఆమె రోలరుతో పూసుకుంటూ పోతోంది. కొడుకు వెనకే పొడి బ్రష్షుతో బుడగలు చెరుపుతూ వస్తున్నాడు.

"అమ్మా, ఆయనేదో మంచికే..."

"నువ్వు నోరు మూసుకుని బ్రష్షు లాగు. ఆరిపోతే గీతలు పడతాయి."

"పడవ మీద పోయేది ఈ పిల్లాడేనా?" ముసలాయన అడిగాడు.

"వీడే. వాళ్ళ నాన్న పోయిన దారే. వీడికేమైనా అయితే వెతికే దిక్కు లేదని తెలిసే పంపిస్తున్నా. ఆ రోజు వెతకడానికి పోయినవాళ్ళు గట్టు చాటున టీలు తాగి ఇంటికొచ్చారు. వాళ్ళ చేతులు పడిపోను!"

ముసలాయన తన చేతులకేసి ఒకసారి చూసుకుని వెళ్ళిపోయాడు.

"పీడ వదిలింది" అంది ఆమె.

వదల్లేదు. తెల్లారి వచ్చి చూస్తే, అద్దంలా ఆరిన తెలుపు మీద ముందు కొసనుంచి సగం దాకా నారింజ పట్టీ. జానెడు వెడల్పు. ముసలాయన ఇంకా పడవ పక్కన ఆనించిన పలక మీదే ఉన్నాడు. బ్రష్షు ఆడుతూనే ఉంది.

ఆమెకు ఒళ్ళు తెలియలేదు. దగ్గరున్న తెల్లరంగు డబ్బా ఎత్తి ఆయన నెత్తిన కుమ్మరించింది.

"ఒక్క పట్టీ ఉంచమ్మా. ఒక్కటే" అన్నాడు, కళ్ళలోంచి రంగు తుడుచుకుంటూ.

"ఇంకోసారి నా పడవ ముట్టుకుంటే కాళ్ళు విరిచి పొయ్యిలో పెడతా!"

రేవు గేటు కాపలావాడు వచ్చి మెడ పట్టి గెంటాడు. గేటు దగ్గర ముసలాయన బోర్లా పడ్డాడు. ఎవరూ లేపలేదు. ఇద్దరు నవ్వారు కూడా.

పట్టీ పచ్చిగా ఉండగానే కిరసనాయిలు గుడ్డతో తుడిచేసి, ఆరాక పైన మళ్ళీ తెలుపు వేశారు. మచ్చన్నది కనపడలేదు.

పడవ నీళ్ళలో దిగిన రోజున గాలి బాగా ఉంది. కొడుకు తెల్ల తెరచాప ఎత్తాడు. సముద్రంలోకి పోయిన రాతి గట్టు చివరదాకా ఆమె నడిచింది. వచ్చేపోయే పడవలను చూసుకునే కాపరి అక్కడ ఉంటాడు.

చెయ్యి ఊపింది. కళ్ళు చెమర్చితే కొంగుతో తుడుచుకుంది. మళ్ళీ చూస్తే పడవ లేదు.

"తమ్ముడూ, మావాడేడీ?"

"అదుగో... కాదు, అది అల."

"ఆ పక్కన తెల్లగా?"

"అదీ నురగే అక్కా. ఉండు."

కాపరి దుర్భిణీ అటూ ఇటూ తిప్పాడు.

"ఆ, ఉన్నాడు. బాగానే ఉన్నాడు." మళ్ళీ తిప్పాడు. "ఇదుగో, మళ్ళీ పోయాడు."

"ఇంత దగ్గరుండి కనపడకపోవడమేంటి?"

"సముద్రమంతా తెలుపేనాయె. అందులో తెల్లపడవని ఎక్కడని పట్టుకోను?"

ఆమె రాయి మీద కూలబడింది.

"ఒక ముసలాయన చెప్పాడు, ఈ రంగు వద్దని."

"నాకు తెలుసు. మోకాలు చీరుకుపోయి, నెత్తినిండా రంగుతో నా దగ్గరికే వచ్చాడు. ఏమైందంటే చెప్పడే! మీవాడి మీద కన్నేసి ఉంచమని మాత్రం పదిసార్లు చెప్పి బస్సెక్కాడు."

"ఏ ఊరు? ఎవరాయన?"

కాపరి దుర్భిణీ దించి ఆమె మొహంలోకి చూశాడు.

"ఆ రోజు నువ్వు స్పృహలో లేవులే. మీ ఆయన్ని వెతకపోయిన పడవలన్నీ వెనక్కి తిరిగినా, ఆ గాలిలో ఒక్కడే ఉండిపోయి, మొదట నురగనుకుని పక్కనుంచే దాటిపోయి, మర్నాటికి ఆనవాలు పట్టి, మీ పడవకి తాడు కట్టి ఒడ్డుకి లాక్కొచ్చింది ఆ ముసలాయనే అక్కా."