ఉప్పు పోతది

పెరట్లో ఎవరో పడుకుని ఉన్నారు.

మహిమ పాపను చంకనేసుకుని గబగబా వెళ్లింది.

పాడుబడిన బోరు పైపుకు కుడి చెవి ఆనించి, కళ్లు మూసుకుని, ఒక ముసలాయన నేల మీద ఒరిగి ఉన్నాడు. చెప్పులు దూరంగా ఉన్నాయి, చర్చి మెట్ల దగ్గర విడిచినట్టు.

“ఎవలు తాతా? పైపు పీక్కపోను వచ్చినవా?”

పలకలేదు. ఆమె అటు తిరిగి వెళ్లి మళ్లీ అడిగితే కళ్లు తెరిచాడు.

“గీ దిక్కుకెల్లి మాట్లాడు బిడ్డా. ఎడమ చెవి ఇనరాదు.”

“గా బోరు ఇరవై ఏండ్లసంది ఎండే ఉన్నది. దాంట్ల ఏం ఇంటున్నవు?”

“ఎండలే. నీళ్లు కిందికెల్లి పోతున్నయి. మనకు అందుతలేవు, గంతే.”

కొత్త మరుగుదొడ్డి గోడ కడుతున్న మేస్త్రి రాజం తాపీ ఆపి నవ్వాడు.

“పోతే పోనియ్యి తాతా. రేపటి నుంచి మా పైపు గూడ దాంట్లకే.”

ఆ ఉపాయం రాజానిదే. ట్యాంకు కట్టే పని లేదు, దొడ్డి నీళ్లు ఎండిన బోరులోకి వదిలేస్తే సరి. “నీ బిడ్డ పెండ్లిదాకా నిండది, ఫికర్ జెయ్యకు అక్కా” అన్నాడు. మస్కట్‌లో ఉన్న మొగుడు వెస్లీ కూడా ఫోన్లో సరేనన్నాడు.

ముసలాయన లేచి కూర్చున్నాడు.

“ఊరు ఏడ తాగుతది బిడ్డా?”

“చర్చి ముందట బోరింగు. నల్లా వచ్చినా తాగుడు గవే నీళ్లు. పాపకు గూడ.”

అతను పాపను చూశాడు. తర్వాత పెరటి నుంచి చర్చి వైపు దిగే వాలును చూశాడు.

“నాలుగు రోజులు ఆగు. నాలుగే.”

ఎందుకో మహిమ ఆగమంది. రాజం తాపీ కడిగేసుకుని, “పిచ్చోడు చెప్పిండు, పిల్ల ఇన్నది” అంటూ వెళ్లాడు.

తెల్లవారగానే ముసలాయన దొడ్డుప్పు బస్తా భుజాన మోసుకొచ్చాడు. దోసిళ్లతో బోరులో పోశాడు. మహిమ రెండు డ్రమ్ముల నీళ్లు వదిలింది.

“ఇప్పుడు ఇను” అన్నాడు.

ఆమె చెవి ఆనించింది. ఇనుము చల్లగా ఉంది. చాలాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత ఎక్కడో, భూమి నిద్రలో అటు నుంచి ఇటు ఒత్తిగిల్లినట్టు, చిన్న సవ్వడి. పాప కూడా ఊపిరి బిగబట్టి తల్లి ముఖం చూస్తూ ఉండిపోయింది. మహిమకు పెరడు, గోడ, ఎండ, అన్నీ ఒక పడవలో ఉన్నట్టు అనిపించింది.

మూడు రోజులు అతను చర్చి అరుగు మీదే ఉన్నాడు. రోజూ పొద్దున్నే బోరింగు కొట్టి, ఒక్క పుక్కిలి నాలుక మీద నిలుపుకుని, మింగి, తల అడ్డంగా ఊపేవాడు.

“ఏం తాతా, నీళ్లకు పుస్తె కడుతవా ఏంది, రోజు చూసిపోతున్నవు?” అని లింగవ్వ ఆటపట్టించింది. ఆటపట్టిస్తూనే గిన్నెలో అంబలి పోసింది.

నాలుగో పొద్దున మొదటి బిందె లింగవ్వదే. ఒక గుక్క తాగి ఉమ్మేసింది.

“ఉప్పు! నీళ్లు ఉప్పుగున్నయే!”

జనం పోగయ్యారు. రాజం వేలు చూపించాడు.

“గీ ముసలోడే బోరుల ఉప్పు పోసిండు. నేను అప్పుడే అన్న.”

“ఊరు తాగే నీళ్లల్ల ఉప్పు పోస్తవా? కడుపుకు అన్నం తింటలేవా?”

ఎవరో నెట్టారు. ఎవరో అతని సంచి రోడ్డు మీదికి విసిరారు. మహిమ పాపనెత్తుకుని అక్కడే ఉంది. రెండడుగులు వెనక్కి జరిగింది.

ముసలాయన సంచి దులుపుకుని ఆమె ముందు నుంచే వెళ్లాడు. గొంతు తగ్గించి అన్నాడు.

“ఉప్పు పోతది బిడ్డా. నాలుగు రోజులల్ల పోతది. మీరు ఇడిశేది పోదు.”

ఇంటికొచ్చి మహిమ బోరింగు నీళ్లలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. పాప కోసం రోజూ కాచి చల్లార్చే నీళ్లు అవే. ఉప్పగా ఉన్నాయి.

బయట రాజం పైపు కోస్తున్నాడు.

“ఆపు రాజమన్నా. గా వాలు మీద వద్దు, ఇంటి ముందటి దిక్కు ట్యాంకు కట్టు.”

“మల్ల వారం పని అక్కా!”

“కట్టు.”

చెప్పులు కూడా వేసుకోకుండా ఆమె బస్సు స్టేజీకి పరుగెత్తింది. చొప్పదండి బస్సు వెళ్లిపోయింది. రోడ్డు మీద దుమ్ము మెల్లగా దిగుతోంది.

మధ్యాహ్నం మామ సీమోను కరీంనగర్ నుంచి కంటి ఆపరేషన్ చేయించుకుని, నల్లద్దాలతో వచ్చాడు. మహిమ అంతా చెప్పింది.

“బోరుకు ఏ చెవి పెట్టిండు?” అన్నాడు సీమోను.

“కుడిది మామా. ఎడమది ఇనరాదట.”

సీమోను చేతిలోని చాయ్ గ్లాసు కింద పెట్టాడు. గోడ తడుముకుంటూ పెరట్లోకి నడిచి, బోరు పక్కన కూలబడ్డాడు.

“గీ బోరు ఏసిననాడు మూడు వందల ఫీట్లు దుమ్మే లేచింది. అరచేతుల కొబ్బరికాయ పెట్టుకుని జాగ చూపెట్టినాయన ఈడనే నిలబడ్డడు. ఎండలే పటేలా, కిందికెల్లి పోతున్నయి, అందుతలేవు అన్నడు. అందరి ముంగట నా పరువు పోయిందనిపించింది.”

నల్లద్దాల వెనక నుంచి అతను తన కుడి అరచేతిని చాలాసేపు చూసుకున్నాడు.

“ఆ ఎడమ చెవి మీద కొట్టింది గీ చెయ్యే బిడ్డా.”