ఎడమ క్రాంకు

“కొత్తది వద్దు బాబాయ్. పాతదే కావాలి. ఈ కంపెనీదే అయ్యుండాలి.”

సైకిలు మెకానిక్ చేతిలోని డబ్బా బల్ల మీద పెట్టి ఆమెను ఎగాదిగా చూశాడు. నలభై దాటిన మనిషి. చేతులు మోచేతుల దాకా ఎండకు కమిలిపోయి ఉన్నాయి. ఆకుపచ్చ సైకిలుకు ఆమెకున్నంత వయసుంటుంది. వెనక క్యారియర్ మీద దుప్పటి చుట్ట, దానికి అటూ ఇటూ గోనెగుడ్డతో కుట్టిన సంచులు.

“ఎక్కణ్ణుంచి వస్తున్నావు తల్లీ?”

“చాలా దూరం నుంచి. ఇది ముప్పై ఎనిమిదో ఊరు.”

“ఈ డొక్కు మీదా?” అతను నవ్వి, వంగి ఎడమ పెడలును ఊపాడు. పెడలును మోసే ఇనుప క్రాంకు టకటకలాడింది. “క్రాంకు బాగానే ఉందమ్మా. దాన్ని బిగించే పిన్ను అరిగింది, అంతే. కొత్త పిన్ను కొట్టానంటే పావుగంటలో వెళ్లిపోవచ్చు.”

“పిన్ను కాదు. క్రాంకే మార్చాలి.”

“కంపెనీ మూతబడి ఇరవై ఏళ్లయింది. దీని క్రాంకు ఎక్కణ్ణుంచి తెమ్మంటావు? నేనేమైనా పోత పోయాలా?”

“పాత సైకిళ్లు కొని విప్పేస్తారుగా. ఆ సామానంతా వెనక ఎక్కడో పడేసి ఉంటారు. ఒక్కసారి చూడనివ్వు. నీకు పుణ్యముంటుంది.”

ఆ గొంతు విని అతను మరి వాదించలేదు. రెంచీ జేబులో వేసుకుని, షాపు వెనకున్న రేకుల షెడ్డు తలుపు తీశాడు.

రిమ్ములు, వంగిన ఫోర్కులు, సీట్లు, గొలుసులు నడుమెత్తున పడి ఉన్నాయి. ఆమె మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్క ముక్కనూ బయటికి లాగి, కొంగుతో తుడిచి, వెలుగులో తిప్పి చూడసాగింది. అతనూ పక్కన చేరి చెయ్యి పెట్టాడు. కాసేపటికే ఒక క్రాంకు పైకెత్తాడు.

“ఇదిగో! నీ అదృష్టం బాగుంది. అదే కంపెనీ, ఎడమదే.”

ఆమె ఆత్రంగా అందుకుంది. ఒక్క క్షణం చూసి పక్కన పెట్టేసింది.

“ఇది కాదు.”

“ఎందుక్కాదు? అచ్చు గుద్దినట్టు సరిపోతుందే!”

“ఇది కాదు బాబాయ్.”

“బంగారం కొనేవాళ్లు కూడా ఇంత పరీక్ష చెయ్యరమ్మా,” అని విసుక్కున్నాడు. ఆమె అప్పుడే మడ్‌గార్డుల వైపు తిరిగింది. “క్రాంకు కావాలని వచ్చి అవెందుకు తిరగేస్తున్నావు?”

“ఈ కంపెనీది ఏదున్నా చూస్తాను. ఇంకెక్కడైనా పెట్టావా? అటక మీద? పోనీ, మీ ఊళ్లో ఇంకో షాపుందా?”

“లేదు తల్లీ. ఈ చుట్టుపక్కల పాత సైకిలు ఏదైనా చివరికి నా దగ్గరికే వస్తుంది.”

ఆమె కుప్పంతా అడుగుదాకా చూసేసింది. చేతివేళ్లు గీసుకుని రక్తం వస్తున్నా చూసుకోలేదు. అలాగే నేల మీద చతికిలబడి, రెండు చేతుల్లో మొహం దాచుకుంది. మెకానిక్‌కు ఏం చెయ్యాలో తోచలేదు. ఒక క్రాంకు దొరకలేదని ఇంత కుంగిపోయే మనిషిని అతను చూడలేదు.

“ఉండు,” అన్నాడు. “ఇంకోటి ఉండాలి. పనికిరాదని బయట పడేశాను.”

షెడ్డు వెనక గోడకు ఆనించిన పాత రేకు తొలగించి, చక్రాల్లేని ఫ్రేమొకటి ఈడ్చుకొచ్చాడు. నిండా తుప్పు. హ్యాండిల్ కింద మాత్రం బెత్తెడు మేర ఆకుపచ్చ రంగు మిగిలి ఉంది. ఎడమ క్రాంకు ఇంకా ఫ్రేమును అంటిపెట్టుకునే ఉంది. పిన్ను దగ్గర ఇనుము అడ్డదిడ్డంగా అరగదీసి ఉంది.

“చూడు, ఎవరో ఆకురాయి పట్టడం కూడా చేతకాని వాడి పని,” అన్నాడు.

“ఎవరో పక్కన నిలబడి తొందరపెట్టి ఉంటారు,” అంది ఆమె. ఆ అరిగిన చోటును వేలితో మెల్లగా తడిమింది.

“ఇదే కావాలి,” అంది చివరికి.

అతను హుషారుగా సుత్తి అందుకున్నాడు. ఒక్కో దెబ్బకూ ఆమె ఉలిక్కిపడుతోంది.

“మెల్లగా బాబాయ్. దెబ్బ తగులుతుంది.”

“ఇనుముకు దెబ్బేంటమ్మా!” అని నవ్వాడు.

“ఇది నీకెలా వచ్చింది?”

“పోయిన ఎండాకాలం ఏరు ఎండినప్పుడు, పెద్ద వంతెన కింద ఇసుక తవ్వేవాళ్లకు దొరికిందట. ముందు చక్రం మెలి తిరిగిపోయి ఉంది. అంత ఎత్తు నుంచి పడ్డదై ఉంటుంది.”

“ఇంకేమీ దొరకలేదా?”

“ఇంకేముంటుంది? ఒక సంచీ ఉందన్నారు, చివికిపోయిందట. అంతకుముందు ఏడు వచ్చిన వరదకు ఏది ఎక్కడికి కొట్టుకుపోయిందో ఎవరికి తెలుసు?”

క్రాంకు ఊడి వచ్చింది. అతను ఆమె సైకిలు వైపు నడవబోతే ఆమె చెయ్యి అడ్డుపెట్టింది. క్రాంకు తీసుకుని, దుప్పటి చుట్ట విప్పి, మధ్యలో పెట్టి, మళ్లీ జాగ్రత్తగా చుట్టింది.

“అదేంటి! బిగించుకోవా?”

ఆమె అడ్డంగా తల ఊపింది. కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి.

“ఊరుకో తల్లీ. వెతికింది దొరికాక కూడా ఏడుస్తారా? నవ్వాలిగానీ!” అన్నాడు. “ఇక ఏ ఊరికి ప్రయాణం?”

“ఇక ఏ ఊరికీ లేదు బాబాయ్. ఆ వంతెనకు దారెటు?”

అతను చెయ్యెత్తి చూపించాడు. “అక్కడ చూడ్డానికేముంది? ఇసుక తప్ప.”

ఆమె సైకిలు ఎక్కలేదు. వదులు క్రాంకు టకటకలాడుతుంటే తోసుకుంటూనే ఆ దారిన నడిచింది. మలుపు తిరిగేదాకా మెకానిక్ గుమ్మంలో నిలబడి చూశాడు. ఇనుప ముక్క కోసం ఇంత ఏడుపేమిటో అతనికి అర్థం కాలేదు.

రెండేళ్లుగా ఆమె వెతుకుతున్నది, తను పక్కన నిలబడి తొందరపెడుతుంటే ఆ క్రాంకుకు ఆకురాయి పట్టి, ఇసుకలో దొరికిన ఆ సైకిలెక్కి వెళ్లిన తమ్ముణ్ణి.