పసుపు దారం

“ఫ్లూ సూది ఇప్పుడొద్దు తల్లీ,” అని పోలేరయ్య చేతికున్న కంకణం చూపించినాడు. “అమ్మవారి జాతర అయ్యేదాకా ఒంట్లోంచి నెత్తురు చుక్క రాకూడదు.”

షుగరు, ఆయాసం ఉన్న మనిషని నర్సు సుభాషిణి బతిమాలింది.

“సముద్రాన్నే లెక్కచెయ్యనోణ్ణి, జలుబు నన్నేం చేస్తాది?” అని నవ్వినాడు. మొక్కుకు ఎదురు చెప్పలేక ఆమె పెట్టె మూసుకుంది.

జాతర జనంలో జ్వరం అంటుకుని ఊపిరితిత్తుల్లోకి దిగింది. జాతర ముగియకముందే నెల్లూరు ఆస్పత్రి నుంచి శవమై వచ్చినాడు.

స్నానం చేయించబోతుంటే సుభాషిణి అడిగింది. “కంకణం పూజారే విప్పాలేమో అక్కా?”

అతని భార్య దాన్ని పుటుక్కున తెంపింది. “పూజారి కట్టింది కాదులేమ్మా. నువ్వు వస్తన్నావని తెలిసి, ఆ పొద్దున వలదారం పసుపులో ముంచి నేనే కట్టినా. సూదంటే ఆయనకి భయం.”