వాసన చూడవే

"సరిగ్గా చూడవే! ముక్కు ఆనించి చూడు!"

మంచం మీద కూర్చున్న వంటమాస్టారు కట్టు కట్టిన కుడిచెయ్యి భార్య మొహం ముందుకు చాపాడు. కట్టు అంచున వేళ్లు ఉబ్బి, మెరుస్తున్నాయి. ఆమె సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చి, కట్టుకు తగలకుండా వంగి గట్టిగా గాలి పీల్చింది.

"ఏమీ లేదండీ."

"హమ్మయ్య!" అంటూ మాస్టారు దిండుకు చేరగిలబడ్డాడు.

హోటల్లో గాజుజాడీ పగిలి, పెంకు మణికట్టులో దిగబడి నరాలు తెగాయి. ఆపరేషన్ చేసి కలిపిన డాక్టరు ఇంటికి పంపేటప్పుడు మరీమరీ చెప్పాడు. "చెయ్యి ఎత్తులో ఉంచండి. కట్టు తడవకూడదు. వాపు పెరిగినా, జ్వరం వచ్చినా, వాసన వేసినా వెంటనే వచ్చెయ్యండి. చీము పట్టిందంటే కలిపిన నరాలు నిలవవు."

జ్వరం వచ్చింది. జలుబు వల్లేనన్నాడు మాస్టారు. నిజంగానే ముక్కు దిబ్బడేసి నోటితో గాలి పీలుస్తున్నాడు. వాపు పెరిగింది. నిద్రలో చెయ్యి కిందికి వేలాడిపోయిందన్నాడు. ఇక మిగిలింది వాసన ఒక్కటే. అది తేల్చుకోవడానికి తన ముక్కు పనికిరాదు కాబట్టి భార్య ముక్కును నమ్ముకున్నాడు.

"లేకపోతే లేదు గానీ, ఒక్కసారి చూపించుకొద్దాం. ఆటో పిలుస్తాను" అందామె.

"ఎందుకు? వాసన లేదన్నావుగా!"

"నాకెందుకో అనుమానంగా ఉందండీ."

"అనుమానమేమిటి? ఉంటే ఉందను, లేకపోతే లేదను. మధ్యలో ఈ నసుగుడేంటి?"

ఆమె మళ్లీ వంగింది. ఈసారి కళ్లు మూసుకుని పీల్చింది. లేచేసరికి కళ్లనిండా నీళ్లు.

"మీ కాళ్లు పట్టుకుంటాను, వెళ్దాం పదండి."

"వెళ్తే ఏం చేస్తారో తెలుసా? మళ్లీ కోస్తారు. కుళ్లిందంటే మణికట్టు దాకా తీసేస్తారు. గరిటె పట్టలేని వంటవాణ్ణి ఎవడు పిలుస్తాడే? ఎడంచేత్తో చిటికెడు ఉప్పు వేయడం కూడా రాదు నాకు!" మాస్టారు కట్టుచేతిని గుండెలకి దగ్గరగా లాక్కున్నాడు. "వాసన లేదు. అంటే చెయ్యి బాగానే ఉంది. అంతే. ఇంకో మాట మాట్లాడకు."

ఆ మాటంటుండగానే చెయ్యి సలిపింది. పళ్లు బిగబట్టి గోడకేసి తిరిగాడు.

ఆమె ఒక్క క్షణం చూసి, చెప్పులైనా వేసుకోకుండా బయటికి పరుగెత్తింది.

"ఎక్కడికే?"

కాసేపటికి పక్క వాటాలో ఉండే పెద్దావిడను దాదాపు ఈడ్చుకొచ్చింది. ఆవిడ చేతిలో బట్టల క్లిప్పులు అలాగే ఉన్నాయి.

"ఏమిటే అమ్మాయ్, కొంప మునిగినట్టు..." అంటూ గుమ్మం దాటిన పెద్దావిడ అక్కడే ఆగిపోయింది. గబుక్కున ముక్కు మూసుకుంది.

"ఏమిటీ కంపు? మంచం కింద ఎలకేమైనా చచ్చిందా?"

మాస్టారు తన చేతి వైపు చూసుకున్నాడు. తర్వాత భార్య వైపు చూశాడు.

"లేదన్నావే?"

ఆమె అప్పటికే ఆటో కోసం వీధిలో అరుస్తోంది.

ఆస్పత్రిలో కట్టు విప్పగానే డాక్టరు మొహం మారిపోయింది.

"తడిసిందా?"

మాస్టారు తల దించుకున్నాడు. స్నానం చేస్తుంటే తడిసింది. ఫ్యాను కింద ఆరబెట్టేసి, ఇంట్లో కూడా చెప్పకుండా ఊరుకున్నాడు. తిట్టడానికి కూడా డాక్టరుకి తీరిక లేకపోయింది. "థియేటర్ రెడీ చెయ్యండి!" అని కేకేశాడు.

తలుపులు మూసుకున్నాయి. ఆమె బల్ల మీద కూర్చోలేకపోయింది, నిలబడలేకపోయింది. లోపల పళ్లెంలో కత్తెర చప్పుడైతే చాలు, తన ఒంట్లోనే దిగినట్టు ఉలిక్కిపడుతోంది. పక్కనున్న పెద్దావిడ వీపు నిమిరింది. "ఊరుకోవే, నీ తప్పేముంది ఇందులో?" ఆ మాటకి ఆమె మరీ గట్టిగా ఏడ్చింది.

చివరికి డాక్టరు బయటికొచ్చాడు.

"చీమంతా కడిగేశాం. నరాలు నిలిచాయి. సాయంత్రం దాకా ఆగి ఉంటే మాత్రం ఆ చేతి మీద ఆశ వదులుకోవాల్సిందే."

వార్డులో మాస్టారి చెయ్యి ఇనుప స్టాండుకి పైకి కట్టి ఉంది. ఆమె మంచినీళ్లు అందిస్తే మొహం తిప్పుకున్నాడు.

"పక్కావిడకి గుమ్మంలోనే తెలిసింది. ముక్కు ఆనించి చూసినా నీకు తెలియలేదా? తెలిసే లేదన్నావా? నా చెయ్యి పోతే పీడా పోతుందనుకున్నావా?"

"అయ్యో, ఎంత మాటండీ!"

"మరి ఆ అబద్ధమెందుకు? ఇన్నేళ్ల కాపురంలో నాతో ఇలాంటివి ఇంకెన్ని ఆడావో!"

"ఒక్కటేనండీ." ఆమె చేతుల్లో మొహం దాచుకుంది. "పెళ్లయిన కొత్తలో మీరు గిన్నె మూత తీసి ఎలా ఉందని అడిగితే, ఘుమఘుమలాడిపోతోందన్నాను చూడండి... నాకు పుట్టినప్పటి నుంచీ ఏ వాసనా తెలీదండీ."