చిక్కపేటలో చిక్కిన నాగరాజు

“రేపటి నుంచి నువ్వు గోదాములో ఉండప్పా. చీరలు పరిచే ఈ పరుపు మీదికి జోగయ్య వస్తాడు,” అన్నాడు చీరలంగడి యజమాని మంజునాథ్, గల్లాపెట్టె మూత ఠపీమని వేసి.

నాగరాజు చేతిలోని ధర్మవరం పట్టుచీర సగం మడతలో ఆగిపోయింది.

“జోగయ్య ఎవరన్నా?”

“కె.ఆర్.పురం మనిషి. నూటముప్పై కేజీలు ఉండాడు. చూస్తేనే అంగడి నిండినట్టు ఉంటాది.”

“చీరలమ్మేదానికి కేజీలెందుకన్నా? మనం అమ్మేది గజాల్లో కదా.”

ఎందుకో నాగరాజుకూ తెలుసు. బెంగళూరు చిక్కపేటలో చీర అమ్మేవాడే చీర చుట్టుకుని చూపించాలి. ప్యాంటు మీదే కుచ్చిళ్ళు దోపి, కొంగు భుజాన వేసుకుని, మీసంతో సహా పెళ్ళికూతురిలా అద్దం ముందు తిరగాలి. ఆ విద్యలో నాగరాజు దిట్ట. దిట్టంగా ఉన్న రోజుల్లో ఇంకా దిట్ట. అంత ఒంటి మీద అంత చీర కుదురుగా నిలబడితే, ఎదురుగా కూర్చున్న అమ్మలందరూ తాము సన్నజాజి తీగెలమనుకుని ఒకటికి రెండు కొనుక్కుపోయేవాళ్ళు. అలాంటి దొడ్డ నాగరాజు, మోకాళ్ళు మొరాయించేసరికి సర్జాపుర రోడ్డులో బరువు తగ్గే సర్జరీ చేయించుకున్నాడు. అప్పట్నుంచి నెలనెలా చిక్కుతూ చిక్క నాగరాజు అయ్యాడు. ఆయన తూకంతో పాటు అంగడి అమ్మకమూ దిగుతూ వచ్చింది.

“పొట్ట కోసం పనిచేసేవాళ్ళను చూసినా గానీ, పొట్ట కోయించుకుని పనికి ఎసరు పెట్టుకునేవాణ్ణి నిన్నే చూస్తా ఉండా,” అన్నాడు మంజునాథ్.

“మీరే కదన్నా, పోయి చేయించుకో అనింది?”

“బరువు తగ్గమన్నా. బేరం తగ్గమన్నానా? పొద్దున వచ్చినామె నిన్ను చూసింది, అద్దంలో తనను చూసుకుంది, చెప్పులేసుకుని పోయింది. చూసినావు కదా.”

నాగరాజు సగంలో ఆగిన మడత పూర్తి చేశాడు. ముందులా అయితే ఇలాంటప్పుడు రెండు మసాలా దోసెలు తెప్పించుకుని బాధను దిగమింగేవాడు. ఇప్పుడు దిగేది ఒక్క ఇడ్లీ. అదీ నమిలి నమిలి తినేలోపు పక్కంగడి వాళ్ళు భోంచేసి కునుకు తీసి లేస్తారు. అయినా ఆయనకు దిగులు తిండి గురించి కాదు. ఆ తెల్ల పరుపు ఆయన రాజ్యం. గోదాములో మూటలే గానీ మనుషులుండరు. బరువు తగ్గినవాడు పోయి బరువులు మోయడమా?

“ఈ పూట ఒక్క మంచి బేరం చేసి చూపిస్తానన్నా. చేయలేకుంటే నేనే పోతా గోదాముకు.”

మంజునాథ్ ఏదో అనబోయాడు. అంతలో ఒకావిడ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. బాగా భారీ మనిషి. స్టూలు మీద కూర్చుంటే స్టూలు కనిపించలేదు.

“పాత నాగరాజు ఉండాల్సింది,” అని గొణిగాడు మంజునాథ్.

“ఏం చూపించమంటారమ్మా? పట్టా, కాటనా?” అన్నాడు నాగరాజు.

“ఏదైనా పరవాలేదు. మీరే కట్టి చూపిస్తారట కదా?”

నాగరాజు మెరూన్ రంగు పట్టుచీర తీసి, చకచకా కుచ్చిళ్ళు పోసి, కొంగు విసిరాడు. సర్జరీ గెలిచినవాడు జరీ ముందు ఓడిపోతాడా? ఆవిడ మాత్రం జరీ వైపు చూడలేదు.

“కాస్త పక్కకు తిరగండి,” అంది.

తిరిగాడు.

“అటు గుమ్మందాకా నడవండి.”

నడిచాడు.

“కింద కూర్చుని లేవగలరా?”

ఇలా అడగడం నాగరాజుకు కొత్త. అయినా బేరం కదా. బాసింపట్టు వేసుకుని కూర్చుని, దేన్నీ పట్టుకోకుండా లేచాడు. ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి.

“ఇంకోటి కట్టండి.”

చీర మారింది. మళ్ళీ తిరగడం, నడవడం, కూర్చోవడం, లేవడం. పరుపు మీద చీరల గుట్ట పెరిగింది. ఆవిడ ఒక్క చీరనూ వేలితో తాకలేదు, ఒక్కదాని ధరా అడగలేదు. చిక్కపేటలో ధర అడగని మనిషి కొనదని పుట్టిన బిడ్డక్కూడా తెలుసు. మంజునాథ్ తెప్పించిన బాదం పాలు సైతం వద్దని, సంచిలోంచి సీసా తీసి పలచటి మజ్జిగ ఒక గుక్క తాగింది.

“మీకు ఆయాసం రావడం లేదా?” అని అడిగింది నాగరాజును.

“ఇంతకు ముందు వచ్చేదమ్మా. ఇప్పుడు మెట్రో స్టేషన్ మెట్లు కూడా నడిచే ఎక్కుతా ఉండా.”

ఆవిడ తల ఊపి మజ్జిగ సీసా సంచిలో పెట్టేసుకుంది. అది చూసి నాగరాజు గుండె గోదాములో పడింది.

మంజునాథ్ ఇక ఆగలేకపోయాడు. “అమ్మా, ఏమీ అనుకోవద్దండి. మావాడు సన్నబడి చెడిపోయినాడు. రేపు రండి, జోగయ్య అని మంచి దొడ్డమనిషి వస్తాడు. ఆయన ఒంటి మీద చూస్తే మీకు కచ్చితంగా నచ్చుతాయి.”

నాగరాజు కళ్ళు మూసుకున్నాడు. లావుగా ఉన్న ఆడమనిషితో ఆ మాట అన్నాక బేరం మిగులుతుందా?

ఆవిడ స్టూలు మీంచి లేచింది. “ఆ జోగయ్యతో నాకేం పనండీ? ఇవన్నీ ప్యాక్ చేయండి.”

మంజునాథ్ నోరు గల్లాపెట్టెలా తెరుచుకుంది. “అన్నీనా? మీరు ధర కూడా అడగలేదు కదమ్మా?”

“సోమవారం నాకూ ఈయన చేయించుకున్న ఆపరేషనేనండీ. భయమేసి, వద్దులెమ్మని లేచి వచ్చేస్తుంటే, ‘చిక్కపేటకు వెళ్ళి మా నాగరాజును ఒక్కసారి చీరలో చూసి రా, ఆ తర్వాత కావాలంటే వద్దని చెప్పు’ అని మా డాక్టరమ్మే పంపింది. ఇక నేను వద్దనను, సన్నబడ్డాక ఇవన్నీ కట్టుకుని తిరుగుతా.”